అంతరిక్షంలో లేనిది గురుత్వం కాదు, అడ్డు

2025 జూన్ చివర్లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి చేరుకుని, అక్కడినుంచి మాట్లాడుతున్న దృశ్యాలు టీవీల్లో వచ్చినప్పుడు, ఆయన గాలిలో తేలుతూ కనిపించడానికి చాలామంది చెప్పుకున్న కారణం ఒకటే: అక్కడ గురుత్వాకర్షణ ఉండదు. చదువుకున్నవారిలో కూడా ఈ అభిప్రాయం బలంగా పాతుకుపోయింది. కానీ ఇది నిజం కాదు. ఆ కేంద్రం నేలకు సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంది. భూమి కేంద్రం నుంచి లెక్కిస్తే మనం దాదాపు 6,370 కిలోమీటర్ల దూరంలో ఉంటే, ఆ కేంద్రంలోని వ్యోమగాములు 6,770 కిలోమీటర్ల దూరంలో ఉంటారు. ఇంత చిన్న తేడాకు భూమి ఆకర్షణ సున్నా అయిపోదు. సుమారు 11 శాతం తగ్గుతుంది, అంతే. 400 కిలోమీటర్ల ఎత్తున్న ఒక గోపురం కట్టి, దాని శిఖరం మీద బరువు తూచే యంత్రం పెట్టగలిగితే, నేలమీద 70 కిలోలు తూగే మనిషి అక్కడ 62 కిలోలు తూగుతాడు. మరి అదే ఎత్తులో వ్యోమగామికి బరువెందుకు తెలియదు? గురుత్వాకర్షణ గురించి మనకున్న గందరగోళంలో చాలాభాగం ఈ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు దొరికితే తొలగిపోతుంది.

జవాబు మొదట దొరికింది చంద్రుడి విషయంలో. భూమికి వస్తువులను తనవైపు లాగే శక్తి ఉందన్న ఆలోచన చాలా పాతది. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు ఆ మాట స్పష్టంగానే చెప్పాడు. అయితే ఆ శక్తి ఎంత దూరానికి ఎంత తగ్గుతుందో కొలతతో చెప్పి, ఆ కొలతను ఆకాశంలో సరిచూసిన ఘనత మాత్రం ఐజాక్ న్యూటన్‌కే చెందుతుంది. ఆయన 1687లో ప్రచురించిన లెక్క ఇప్పటికీ ఎవరైనా కాగితం మీద చేసి చూసుకోవచ్చు. నేలమీద ఒక రాయిని వదిలేస్తే మొదటి సెకనులో 4.9 మీటర్లు పడుతుంది. చంద్రుడు భూమి కేంద్రం నుంచి భూవ్యాసార్ధానికి 60 రెట్ల దూరంలో ఉన్నాడు. ఆకర్షణ దూరపు వర్గానికి విలోమంగా తగ్గేటట్లయితే, చంద్రుడి దగ్గర అది 60ని 60తో గుణించినంత, అంటే 3,600వ వంతు ఉండాలి. అంటే చంద్రుడు సెకనుకు 4.9 మీటర్లలో 3,600వ వంతు, సుమారు 1.36 మిల్లీమీటర్లు, భూమివైపు పడాలి. ఇప్పుడు ఆకాశంలోకి చూద్దాం. చంద్రుడు సెకనుకు దాదాపు ఒక కిలోమీటరు వేగంతో పోతున్నాడు. ఏ ఆకర్షణా లేకపోతే ఆ వేగంతో తిన్నగా పోవాలి. కానీ ఆయన దారి వంగి ఉంది. తిన్నని గీతనుంచి ఆ దారి ఒక సెకనులో ఎంత వంగుతున్నదో, కక్ష్య వ్యాసార్ధాన్నీ, 27.3 రోజుల పరిభ్రమణ కాలాన్నీ పట్టి లెక్కిస్తే వచ్చేది కూడా సుమారు 1.36 మిల్లీమీటర్లే. చెట్టుమీది కాయను రాల్చే ఆకర్షణా, చంద్రుణ్ణి తిప్పే ఆకర్షణా వేరు కావని తేలింది ఇక్కడే. అంతకుముందు రెండువేల ఏళ్లపాటు ఐరోపా పండితులు నేలకు ఒక ధర్మం, ఆకాశానికి మరొక ధర్మం అని నమ్మారు. ఆ గోడను ఈ ఒక్క లెక్క కూల్చింది.

చంద్రుడు పడుతున్నాడు అన్న మాటను అక్షరాలా అర్థం చేసుకోవాలి. ఆయన ప్రతి సెకనూ భూమివైపు పడుతూనే ఉన్నాడు, అయితే పడుతూనే పక్కకు కూడా జరిగిపోతున్నాడు. ఎంత పడుతున్నాడో, గుండ్రని భూమి ఆయన కింద అంత వంగి పోతున్నది. అంతరిక్ష కేంద్రానికీ ఇదే వర్తిస్తుంది. అది సెకనుకు సుమారు 7.66 కిలోమీటర్లు పోతుంది. ఆ ఒక్క సెకనులో 4.3 మీటర్లు కిందికి పడుతుంది, ఆ 7.66 కిలోమీటర్ల ప్రయాణంలో దాని వృత్తం కూడా తిన్నని గీతనుంచి సరిగ్గా 4.3 మీటర్లు దిగుతుంది. అందువల్ల ఎంత పడినా నేల దగ్గర కాదు. దాదాపు 92 నిమిషాలకొకసారి భూమిని చుట్టి వస్తూ, ఆగకుండా పడుతూనే ఉంటుంది. లోపలున్న వ్యోమగామి, ఆయన పెన్ను, నీటిబొట్టు, గోడలు అన్నీ ఒకే తీరున పడుతున్నాయి కాబట్టి ఒకదానికొకటి కదలకుండా నిలిచినట్లు, తేలినట్లు కనబడతాయి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. వందల టన్నుల అంతరిక్ష కేంద్రం, 70 కిలోల మనిషి, కొద్ది గ్రాముల పెన్ను ఒకే తీరున ఎందుకు పడాలి? బరువైన దానిని భూమి ఎక్కువ బలంతో లాగుతుంది కదా? లాగుతుంది, నిజమే. అయితే బరువైన దానిని కదిలించడం కూడా అంతే కష్టం. ద్రవ్యరాశి రెట్టింపయితే లాగే బలం రెట్టింపవుతుంది, కదలడానికి వస్తువు చూపే ప్రతిఘటనా రెట్టింపవుతుంది. రెండూ చెల్లిపోయి వేగం పెరిగే తీరు అన్నింటికీ ఒకటే అవుతుంది. నేలమీద ఈక మెల్లగా పడేది గాలి అడ్డుకోవడం వల్లనే. 1971 ఆగస్టు 2న అపోలో 15 వ్యోమగామి డేవిడ్ స్కాట్ చంద్రుడి నేలమీద నిలబడి, ఒక చేతిలోంచి సుత్తినీ, మరో చేతిలోంచి డేగ ఈకనూ ఒకేసారి వదిలాడు. అక్కడ గాలి లేదు. రెండూ ఒకేసారి నేలను తాకాయి. ఆ వీడియో ఇప్పటికీ చూడవచ్చు, చూడని వారు తప్పక చూడాలని నా కోరిక.

మరయితే మన శరీరానికి తెలిసే బరువు ఏమిటి? కుర్చీలో కూర్చుని ఇది చదువుతున్నవారికి తెలుస్తున్నది భూమి లాగడం కాదు. భూమి శరీరంలోని ప్రతి అణువునూ ఒకే తీరున లాగుతుంది కనుక దానివల్ల లోపల ఏ ఒత్తిడీ, ఏ సాగుదలా ఏర్పడదు; అందుకే ఏమీ తెలియదు. తెలిసేది ఆ పడడాన్ని ఆపుతూ కుర్చీ పైకి తోసే తోపుడు. పాదాలకు నేల తోపుడు, వెన్నుపూసల మధ్య ఒకదానిమీద ఒకటి మోపే ఒత్తిడి, వీటినే మనం బరువు అనుకుంటాం. తోసే నేల లేకపోతే బరువు తెలియదు, గురుత్వాకర్షణ మాత్రం ఎప్పటిలాగే ఉంటుంది. అంతరిక్ష కేంద్రంలో నెలలపాటు ఉండి వచ్చినవారి ఎముకలు పలచబడడం, కండరాలు బలహీనపడడం వంటి ఇబ్బందులన్నీ ఆ తోపుడు లేకపోవడం వల్ల వచ్చేవే.

ఇది అర్థమైతే శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరే తీరు కూడా కొత్తగా కనబడుతుంది. రాకెట్ మొదట నిట్టనిలువుగా లేచి, కొద్దిసేపటికే బంగాళాఖాతం మీదుగా వాలిపోవడం చూసి, అది దారి తప్పుతున్నదేమో అని కంగారుపడే పిల్లలుంటారు. నిజానికి అసలు పని అప్పుడే మొదలవుతుంది. పైకి లేవడం గాలి పొరను దాటడానికి మాత్రమే. ఇంధనంలో పెద్దవంతు ఖర్చయ్యేది సెకనుకు ఏడెనిమిది కిలోమీటర్ల పక్క వేగాన్ని సంపాదించడానికి. ఆ వేగం లేకుండా 400 కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్లి వదిలిన ఉపగ్రహం రాయిలా తిరిగి పడిపోతుంది. తూర్పు తీరాన్ని ఎంచుకోవడంలో సముద్రం మీదుగా పంపే భద్రత ఒకటైతే, భూభ్రమణం నుంచి వచ్చే సాయం మరొకటి. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది కనుక శ్రీహరికోట ప్రాంతం నిలబడి ఉన్నట్లున్నా సెకనుకు దాదాపు 450 మీటర్ల వేగంతో తూర్పుకు పోతూనే ఉంది. తూర్పుకు ఎగిరే రాకెట్‌కు అంత వేగం ముందే చేతికందుతుంది.

చంద్రయాన్-3 ప్రయాణంలో గురుత్వంతో బేరమాడిన తీరు మరింత వివరంగా కనిపిస్తుంది. 2023 జూలై 14న ఎల్‌వీఎం3 రాకెట్ దానిని భూమికి ఒకవైపు 170 కిలోమీటర్లు, మరోవైపు సుమారు 36,500 కిలోమీటర్లు దూరం ఉండే కోడిగుడ్డు ఆకారపు కక్ష్యలో వదిలింది. అటువంటి కక్ష్యలో వస్తువు భూమికి దగ్గరగా వచ్చినప్పుడు వేగం పుంజుకుంటుంది, దూరంగా పోయేకొద్దీ నెమ్మదిస్తుంది. దగ్గరగా ఉన్నప్పుడు, అంటే ఎక్కువ వేగంతో ఉన్నప్పుడు, ఇంజన్‌ను కొద్దిసేపు మండిస్తే అదే ఇంధనానికి ఎక్కువ శక్తి చేరుతుంది. అందుకే ఇస్రో ఒకేసారి చంద్రుడివైపు తోసేయకుండా, ప్రతిసారీ భూమికి దగ్గరైనప్పుడు కొంత తోస్తూ కక్ష్యను సాగదీసుకుంటూ పోయింది. ఆగస్టు 1న చివరి తోపుడు ఇచ్చింది. చంద్రుడి సమీపానికి చేరాక చేయవలసిన పని ఇందుకు విరుద్ధం: ఆగస్టు 5న ఇంజన్‌ను ప్రయాణ దిశకు ఎదురుగా మండించి వేగాన్ని తగ్గించారు. తగ్గించకపోతే చంద్రుడి ఆకర్షణ దాని దారిని కాస్త వంచి వదిలేసేది తప్ప పట్టుకునేది కాదు. ఆగస్టు 23న దిగేటప్పుడు మరొక చిక్కు. చంద్రుడి ఉపరితల ఆకర్షణ మన దానిలో ఆరోవంతే అయినా, అక్కడ గాలి లేనందువల్ల పారాచూట్ పనికిరాదు. ప్రతి మీటరు వేగాన్నీ ఇంజన్ మంటతోనే చంపుకోవాలి. పెద్ద ఖర్చుతో పెద్ద రాకెట్లు కట్టే దేశాలు కొద్దిరోజుల్లో ముగించే ప్రయాణాన్ని మనవాళ్లు 40 రోజుల్లో చేశారని చిన్నబుచ్చేవారికి, ఆ నిదానం వెనక ఉన్న గణితం తెలియదనే అనుకుంటాను.

ఇప్పటిదాకా ఆకర్షణ ఒకవైపు నుంచే ఉన్నట్లు మాట్లాడాం. నిజానికి అది ఎప్పుడూ పరస్పరం. భూమి కొబ్బరికాయను ఎంత బలంతో లాగుతుందో, కొబ్బరికాయ భూమిని సరిగ్గా అంతే బలంతో లాగుతుంది. అయితే భూమి ద్రవ్యరాశి 6 పక్కన 24 సున్నాలు పెట్టినన్ని కిలోగ్రాములు. పది మీటర్ల ఎత్తునుంచి కిలో బరువున్న కాయ పడేలోపు దానికి ఎదురుగా భూమి జరిగే దూరం, ఒక ప్రోటాన్ వ్యాసంలో వందకోట్లవ వంతు. జరగదని కాదు, కొలవలేమంతే. చంద్రుడంత పెద్ద వస్తువు లాగినప్పుడు మాత్రం ఆ కదలిక స్పష్టం: భూమీ, చంద్రుడూ కలిసి ఒక ఉమ్మడి కేంద్రం చుట్టూ తిరుగుతాయి, ఆ కేంద్రం భూమి లోపల, ఉపరితలానికి దాదాపు 1,700 కిలోమీటర్ల లోతున ఉంటుంది.

పరస్పరం అంటే మన చుట్టూ ఉన్న ప్రతి రెండు వస్తువుల మధ్యా కూడా ఆకర్షణ ఉండాలి. ఉంది. ఒక్కొక్కటి 20 టన్నులున్న రెండు లారీలను, వాటి నడుముల మధ్య 5 మీటర్లు ఉండేలా పక్కపక్కన నిలిపితే, ఒకదాన్నొకటి లాగే బలం ఒక గ్రాములో పదోవంతు వస్తువు బరువంత ఉంటుంది. ఇంత బలహీనమైన దానిని కొలిచి చూపడం హెన్రీ కావెండిష్ సాధించిన విజయం. పరికరాన్ని ఆలోచించి రూపొందించినవాడు జాన్ మిషెల్. ఆయన ప్రయోగం చేయకముందే మరణించడంతో అది కావెండిష్ చేతికొచ్చింది. 1797, 1798 సంవత్సరాల్లో లండన్ శివార్లలోని తన ఇంట్లో ఆయన ఆరడుగుల కొయ్య కడ్డీని సన్నని తీగకు అడ్డంగా వేలాడదీసి, దాని రెండు కొసలకూ చిన్న సీసపు గుండ్లు కట్టాడు. వాటికి దగ్గరగా, ఒక్కొక్కటి 158 కిలోలున్న రెండు పెద్ద సీసపు గుండ్లను తెచ్చి నిలిపాడు. పెద్ద గుండు చిన్న గుండును లాగితే కడ్డీ కాస్త తిరుగుతుంది, తీగ మెలిపడుతుంది. ఆ మెలికను బట్టి బలం తెలుస్తుంది. గదిలో మనిషి నిలబడితే ఒంటి వేడికి పుట్టే గాలి కదలికే కడ్డీని తిప్పేస్తుందని, ఆయన గదిని పూర్తిగా మూయించి, గోడలో అమర్చిన దూరదర్శినితో బయటినుంచి కొలతలు చూశాడు. ఫలితంగా భూమి సాంద్రత నీటికి 5.48 రెట్లు అని చెప్పాడు. ఇప్పుడు మనకు తెలిసిన విలువ 5.51. అంటే ఆ మూసిన గదిలో ఆయన తూచింది మొత్తం భూగోళాన్ని! నేలమీది రాళ్లు నీటికి రెండున్నర, మూడు రెట్లే సాంద్రంగా ఉంటాయి కాబట్టి, భూమి లోపల మరెంతో బరువైన పదార్థం ఉండి తీరాలన్న నిర్ధారణ కూడా దీనితోనే బలపడింది.

ఇక ఎక్కువమందిని తికమకపెట్టే విషయానికి వస్తాను. సముద్రపు పోటుకు చంద్రుడు కారణమని చిన్నప్పుడే నేర్చుకుంటాం. అయితే సూర్యుడు భూమిని చంద్రుడికంటే దాదాపు 179 రెట్లు ఎక్కువ బలంతో లాగుతున్నాడు. అటువంటప్పుడు పోటు సూర్యుడిది కావాలి కదా? కాకపోవడానికి కారణం, మనం అంతరిక్ష కేంద్రం దగ్గర చూసినదే. భూమి మొత్తం, నేలా నీరూ కలిసి, సూర్యుడివైపు ఒకే తీరున పడుతూ ఉంది. కలిసి పడేవాటి మధ్య ఆ ఆకర్షణ జాడ కనిపించదు. కనిపించేది భూమికి ఈ వైపునా ఆ వైపునా ఉన్న ఆకర్షణలో తేడా మాత్రమే. ఆ తేడా దూరపు ఘనానికి విలోమంగా తగ్గుతుంది. సూర్యుడు చంద్రుడికంటే సుమారు 390 రెట్లు దూరంలో ఉన్నాడు గనుక, లాగుడులో అంత పెద్దవాడై కూడా, పోటు పుట్టించడంలో చంద్రుడి బలంలో సగానికి కాస్త తక్కువే చూపగలుగుతాడు. చంద్రుడికి ఎదురుగా ఉన్న నీటిని చంద్రుడు భూకేంద్రంకంటే కొంచెం ఎక్కువ లాగుతాడు. అవతలి వైపున్న నీటిని భూకేంద్రంకంటే కొంచెం తక్కువ లాగుతాడు. అందుకే నీరు రెండు వైపులా ఉబుకుతుంది, రోజుకు రెండు పోట్లు వస్తాయి. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో సూర్యచంద్రుల ప్రభావాలు ఒకే గీతమీద కలిసి పోటు పెరుగుతుంది. అష్టమి ప్రాంతంలో ఒకదానికొకటి అడ్డుపడి తగ్గుతుంది. తీరంలో వేటకు పోయేవారికి ఈ లెక్క తిథులతో సహా కంఠోపాఠం.

చంద్రుడు నీటిని పైకి ఎత్తుతాడని అనుకోవడం కూడా సరికాదు. ఆ తేడా బలం భూమి ఆకర్షణలో సుమారు కోటోవంతు. దానితో నీరు పైకి లేవదు. వేల కిలోమీటర్ల మేర విస్తరించిన సముద్రంలో నీరు అడ్డంగా, మెల్లగా ఒకచోటికి చేరడం వల్ల మట్టం పెరుగుతుంది. చెరువులో పోటు కనిపించకపోవడానికి కారణం చేరవలసిన అంత నీరు అక్కడ లేకపోవడమే. తీరం ఆకారాన్ని బట్టి కూడా ఫలితం మారిపోతుంది: విశాఖపట్నం దగ్గర ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూ ఉండే హెచ్చుతగ్గు, గరాటులా లోపలికి సన్నబడే ఖంభాత్ సింధుశాఖలో 10 మీటర్ల దాకా పోతుంది. ఈ ఆటుపోట్ల ఒరిపిడివల్ల భూభ్రమణం అతి నెమ్మదిగా మందగిస్తున్నది, చంద్రుడు ఏడాదికి 3.8 సెంటీమీటర్ల చొప్పున దూరమవుతున్నాడు. అపోలో వ్యోమగాములు అక్కడ వదిలివచ్చిన అద్దాలమీదికి లేజర్ కిరణాలు పంపి, తిరిగొచ్చే సమయాన్ని బట్టి ఈ సంగతి కొలిచారు.

ఇదే కోవలో మరొక వింత. సూర్యుడు చంద్రుణ్ణి, భూమి లాగేదానికంటే రెండు రెట్లకు మించిన బలంతో లాగుతున్నాడు. అయినా చంద్రుడు మనల్ని విడిచి పోవడం లేదు, ఎందుకంటే భూమి కూడా చంద్రుడితో పాటే, దాదాపు అదే తీరున సూర్యుడివైపు పడుతున్నది. ఆకర్షణల బలాలు పోల్చి చూసి ఎవరు ఎవరికి చెందుతారో తేల్చడం తప్పుదారి అని దీనివల్ల తెలుస్తుంది.

సూర్యుణ్ణి పరిశీలించే ఇస్రో నౌక ఆదిత్య-ఎల్1 గురించి వచ్చిన వివరణల్లో జరిగిన పొరపాటు సరిగ్గా ఇదే. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరి, 2024 జనవరి 6న చేరవలసిన చోటికి చేరిన ఆ నౌక, భూమికి సూర్యుడివైపున 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండే ఎల్1 బిందువు చుట్టూ తిరుగుతోంది. ఆ బిందువు దగ్గర సూర్యుడి ఆకర్షణ, భూమి ఆకర్షణ సమానమై ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయని విస్తారంగా ప్రచారమైంది. అది సరికాదు. ఆ రెండు ఆకర్షణలూ సమానమయ్యే చోటు భూమికి సుమారు 2.6 లక్షల కిలోమీటర్ల దూరంలోనే ఉంది, అంటే చంద్రుడికంటే దగ్గర. ఎల్1 దగ్గర సూర్యుడి ఆకర్షణ భూమి ఆకర్షణకు 30 రెట్లకు పైగా ఉంటుంది. మరి అక్కడి ప్రత్యేకత ఏమిటి? సూర్యుడికి దగ్గరగా తిరిగే వస్తువు భూమికంటే వేగంగా తిరిగి, ఏడాదికంటే ముందే చుట్టు పూర్తిచేసి, మనల్ని దాటిపోవాలి. కానీ ఎల్1 దగ్గర భూమి వెనక్కి లాగే కొద్దిపాటి లాగుడు సూర్యుడి పట్టును కాస్త సడలిస్తుంది. సరిగ్గా ఆ సడలింపు మేరకు, అక్కడున్న వస్తువు నెమ్మదించి, భూమితో పాటు ఏడాదికొకసారే సూర్యుణ్ణి చుట్టగలుగుతుంది. అందువల్ల ఆదిత్య ఎప్పుడూ భూమికీ సూర్యుడికీ మధ్యనే ఉండి, గ్రహణం అడ్డు లేకుండా సూర్యుణ్ణి చూస్తూ ఉంటుంది. ఆ బిందువు స్థిరమైనది కాదు. కొంచెం పక్కకు జరిగితే ఆ జారుడు పెరుగుతూ పోతుంది కాబట్టి, అప్పుడప్పుడు చిన్న ఇంజన్లను మండించి దారి సరిచేయాలి. ఎల్1 చుట్టూ దాని ఒక్కో చుట్టుకు సుమారు 178 రోజులు పడుతుంది.

ఆకాశం విడిచి నేలమీదికి వస్తే, ఇక్కడ కూడా గురుత్వం అన్నిచోట్లా ఒక్కటి కాదు. 1672లో ఫ్రెంచి ఖగోళజ్ఞుడు జాఁ రిషే భూమధ్యరేఖకు దగ్గరగా, దక్షిణ అమెరికాలో ఉన్న కయెన్‌కు తీసుకెళ్లిన లోలకపు గడియారం, పారిస్‌లో సరిగ్గా నడిచినదే, అక్కడ రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. భూమధ్యరేఖ దగ్గర ఆకర్షణ తక్కువన్నమాట. భూమి తిరుగుతూ నడుము దగ్గర ఉబ్బి ఉండడం, ఆ తిరుగుడువల్లనే కొంత బరువు తగ్గడం, ఈ రెండూ కారణాలు. ధ్రువాలకూ భూమధ్యరేఖకూ మధ్య తేడా సుమారు అర శాతం.

మన దేశంలో జరిగిన మరొక కొలత ఇంతకంటే లోతైన సంగతి బయటపెట్టింది. తాపీమేస్త్రీ గోడ తూకం చూడడానికి దారానికి కట్టి వేలాడదీసే గుండు, ఎప్పుడూ తిన్నగా భూకేంద్రంవైపు చూస్తుందని అనుకుంటాం. పక్కన పెద్ద పర్వతం ఉంటే అది ఆ గుండును తనవైపు కాస్త లాగుతుంది. 19వ శతాబ్దంలో దేశాన్ని త్రిభుజాలుగా విభజించి కొలిచిన మహాసర్వేలో, హిమాలయాలకు చేరువలో ఉన్న కలియానాకూ, మధ్యభారతంలోని కలియాన్‌పూర్‌కూ మధ్య అక్షాంశాల తేడాను రెండు విధాలుగా, నేలమీది త్రిభుజాల కొలతతోనూ, గుండు చూపే నిలువును ఆధారం చేసుకుని నక్షత్రాలను చూసీ, లెక్కిస్తే 5.24 సెకన్ల కోణం (ఒక సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) మేర పొసగలేదు. హిమాలయాలు గుండును లాగడమే కారణమై ఉంటుందని, కలకత్తాలో క్రైస్తవ మతాధికారిగా ఉన్న జాన్ ప్రాట్ ఆ పర్వతాల ద్రవ్యరాశిని అంచనా కట్టి లెక్క వేశాడు. లెక్క ప్రకారం రావలసిన తేడా దాదాపు 15.9 సెకన్లు. కనిపించింది అందులో మూడోవంతు! అంత పెద్ద పర్వతాలు ఉండవలసినంత బలంగా ఎందుకు లాగడం లేదు? 1855లో జార్జ్ ఎయిరీ దానికి సమాధానం సూచించాడు: పర్వతం నేలమీద నిలబెట్టిన బరువు కాదు, దాని కింద తేలికైన రాతి వేరు సాంద్రమైన పొరలోకి లోతుగా దిగి ఉంటుంది, ఆ లోటు పైనున్న ద్రవ్యరాశి లాగుడును చాలావరకు తగ్గిస్తుంది. టిబెట్ కింద భూపటలం 70 కిలోమీటర్ల మందం, అంటే మామూలు ఖండాల అడుగున ఉండేదానికి దాదాపు రెట్టింపు ఉందని తర్వాత భూకంప తరంగాల ద్వారా రుజువైంది. ఒక దారపు గుండు కాస్త తక్కువగా ఒరగడం నుంచి పర్వతాల వేళ్లు బయటపడ్డాయి. గురుత్వ శాస్త్రంలో నాకు అన్నింటికంటే ఇష్టమైన అధ్యాయం ఇది.

శ్రీలంకకు దక్షిణంగా హిందూ మహాసముద్రంలో మరో పెద్ద లోటు ఉంది. అక్కడ ఆకర్షణ తక్కువైనందువల్ల సముద్ర మట్టం సగటు ఆకారం కంటే సుమారు 105 మీటర్లు కిందికి ఉంటుంది. ఓడలో పోయేవారికి పల్లంలోకి దిగినట్లు తెలియదు, చుట్టూ ఉన్న నీరు అందులోకి పారదు, ఎందుకంటే గురుత్వం దృష్టిలో అదంతా ఒకే సమతలం. భూమి లోతుల్లో తేలికైన, వేడి పదార్థం పైకి చేరడం ఇందుకు కారణమని బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ పరిశోధకులు 2023లో ప్రతిపాదించారు.

గురుత్వాన్ని తూకపు రాయిగా వాడి నేలలోని నీటిని తూచిన ప్రయత్నం గ్రేస్. 2002 మార్చిలో ప్రయోగించిన ఈ జంట ఉపగ్రహాలు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనక ఒకటి పోయేవి. కింద ద్రవ్యరాశి ఎక్కువున్న చోటికి వచ్చేసరికి ముందున్నది కాస్త వేగం పుంజుకుంటుంది, ఎడం పెరుగుతుంది. ఆ మార్పును వెంట్రుక మందంకంటే తక్కువ దూరం దాకా కొలిచేవారు. రాజస్థాన్, పంజాబ్, హరియాణాల కింద 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు దాకా 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం తరిగిపోయిందని 2009లో తేల్చినది ఈ కొలతే. ఒక్క బోరుబావినైనా తవ్వకుండా ఆకాశంలోంచి ఇది తెలిసిందంటే, నీటి విధానాలు రాసేవారు ఈ అంకెలను ఇంకా ఎక్కువగా పట్టించుకోవాలి.

ఎంత దూరానికి ఎంత బలమో న్యూటన్ చెప్పాడు కానీ, మధ్యలో ఏమీ లేకుండా ఒక వస్తువు మరొకదాన్ని ఎలా లాగుతుందో చెప్పలేదు. ఆ ప్రశ్నను ఐన్‌స్టీన్ పట్టుకున్న తీరు మనం మొదట చూసిన చోటినుంచే. 1907లో, పడుతున్న మనిషికి తన బరువు తెలియదన్న ఆలోచన ఆయనకు తట్టింది. అన్ని వస్తువులూ ఒకే తీరున పడుతున్నప్పుడు, ఆ దారి వస్తువుల గుణం కాదు, అవి ప్రయాణించే దేశకాలాల, అంటే కలిసి ఒకటిగా ఉండే స్థలమూ కాలమూ అనేవాటి, గుణం అయి ఉండాలని ఆయన వాదించాడు. 1915లో పూర్తయిన ఆ సిద్ధాంతం ప్రకారం ద్రవ్యరాశి దేశకాలాలను వంచుతుంది. ఏ అడ్డూ లేని వస్తువు ఆ వంపులో తనకు సహజమైన దారిన పోతుంది. పడుతున్న వ్యోమగామిమీద బలమేదీ పనిచేయడం లేదు. కుర్చీలో కూర్చున్న మనల్నే ఆ దారినుంచి నేల పక్కకు తోస్తున్నది. శతాబ్దానికి 43 సెకన్ల కోణం మేర న్యూటన్ లెక్కకు లొంగని బుధగ్రహ కక్ష్య ఈ సిద్ధాంతంతో సరిగ్గా సరిపోయింది.

స్థలంతో పాటు కాలం కూడా వంగుతుంది కనుక ఆకర్షణ బలంగా ఉన్నచోట గడియారం నెమ్మదిగా నడవాలి. 20,200 కిలోమీటర్ల ఎత్తులోని జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు అందువల్ల రోజుకు 45 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి, వేగం వల్ల 7 మైక్రోసెకన్లు వెనకబడతాయి. మిగిలే 38 మైక్రోసెకన్లలో కాంతి 11 కిలోమీటర్లు పోతుంది. దానిని సరిదిద్దకపోతే మన ఫోనులోని దారి చూపే యాప్ ఒక్కరోజులోనే పనికిరాకుండా పోతుంది. దారి చూపడానికి మన దేశం నడిపే నావిక్ ఉపగ్రహాలకూ ఈ దిద్దుబాటు తప్పదు. 2022లో అమెరికాలోని బౌల్డర్ నగర శాస్త్రజ్ఞులు, చల్లబరిచిన పరమాణువుల గుంపులో కేవలం ఒక మిల్లీమీటరు ఎత్తు తేడాకు కాలం నడిచే వేగంలో వచ్చే మార్పును కొలిచారు. ఇటువంటి గడియారాలు ప్రయోగశాల దాటి వస్తే, రెండు ఊళ్లలో ఒక్కొక్కటి పెట్టి, వాటి వేగాలను పోల్చి, ఏ ఊరు ఎంత ఎత్తులో ఉందో, వాటి కింద నేలలో ఏమి మారుతున్నదో కొలవవచ్చు.